అరువిచ్చిన ఎడమచెయ్యి

మనిషిని మొహం చూసి గుర్తుపడతామనుకుంటాం గానీ, ఏళ్ల తరబడి పక్కపక్కన పనిచేసినవాళ్లు గుర్తుపట్టేది చేతుల్ని. మొహానికి నవ్వు పులుముకోవచ్చు, చేతికి నటన చేతకాదు. టైర్ల కొట్టు మీది మేడగదిలో సిలికాన్ చేతులు పోసే చేతులక్కకి ఈ సంగతి ఎవరూ నేర్పనక్కర్లేదు.

ఆమె ఈ పనిలోకి దిగింది మొగుడి కోసం. అతను డబ్బాల ఫ్యాక్టరీలో ప్రెస్సు దగ్గర ఉండేవాడు. రెండు చేతులతో రెండు మీటలు నొక్కితే తప్ప ఆ ప్రెస్సు దిగకూడదు. చేతులు కాపాడటానికే ఆ ఏర్పాటు. పని జోరుగా సాగాలని ఫోర్‌మన్ కుడి మీటను ఎప్పుడూ నొక్కి ఉండేలా తీగతో బిగించి కట్టేశాడు. ఒకనాడు ఎడమచెయ్యి మీట నొక్కేసరికి కుడిచెయ్యి ఇంకా లోపలే ఉంది. ఆ తీగ అతనే కట్టుకున్నాడని ఫోర్‌మన్ విచారణలో నదురూ బెదురూ లేకుండా చెప్పాడు. ఉద్యోగమూ పోయింది, పరిహారమూ పోయింది.

ఆస్పత్రివాళ్లిచ్చిన ఇనప కొక్కేన్ని చూసి పక్కింటి పిల్లలు జడుసుకున్నారు. అసలు చెయ్యిలాంటిది కొనాలంటే ఇల్లూ వాకిలీ అమ్ముకోవాలి. ఆమె బొమ్మలు పోసేవాడి దగ్గర చేరి, బోలెడు సరుకు పాడుచేసి, తిట్లు తిని, చివరికి మరిది కుడిచేతి నుంచి మూస తీసి మొగుడికి చెయ్యి పోసింది. అప్పట్నుంచి ఆ గదిలో అదే పద్ధతి. చెయ్యి పోయినవాళ్లు పోలికలున్న అన్ననో చెల్లెల్నో వెంటబెట్టుకు రావాలి. విడిగా చెక్కే పని తప్పుతుంది కనుక కూలికెళ్లేవాళ్లకీ అందుతుంది. ఏళ్లుగా మాటల్లేని అన్నదమ్ములు కూడా, ఒకడు అచ్చు ముద్ద కలిపిన బకెట్లో చెయ్యి ముంచి కూర్చోగా ఇంకొకడు పాత తగాదా తిరగదోడుతూ, ఆ గదిలోనే కలిసిపోయారు.

ఒకనాడు అదే గదికొచ్చిన ఆ ఫోర్‌మన్ వెంట మాత్రం ఎవరూ రాలేదు. లారీ గుద్ది అతని ఎడమచెయ్యి పోయింది. చేతులక్క ఎవరో అతనికి తెలియదు. ఆమె మాత్రం విచారణ గదిలో వెనక బెంచీ మీంచి ఆ మొహాన్ని బట్టీ పట్టింది. అచ్చుకి చెయ్యి ఎవరిస్తారని అడిగితే, కొడుకులు తీరిక లేదన్నారని, తమ్ముడు తలుపే తియ్యలేదని గొణిగాడు.

"ఎవరిదైనా పర్లేదమ్మా. చెయ్యిలా ఉంటే చాలు."

"అలాగే బాబాయ్‌గారూ," అంది.

లోపలి గదిలో రంగులు కలుపుతున్న మొగుణ్ణి ఎడమచెయ్యి చాచమంది. వచ్చింది ఎవరో కూడా చెప్పింది. అతను చేతి రంగు తుడుచుకున్నాడు. చాచాడు. బొటనవేలి మొదట్లో టంకం కాలిన మచ్చ, వంకర చిటికెనవేలు, ఏదీ వదలకుండా దించింది. తన కక్షంతా పనితనంలో పెట్టింది. గుచ్చుకునే చెయ్యయితే వాడు పెట్టెలో పడేస్తాడు. అందుకని అంచులు పలచన చేసింది, మొండికి ఒరుసుకునే చోట మెత్తటి పొర వేసింది. వాడు దాన్ని పోల్చుకోవాలి, పోల్చుకున్నాక కూడా వదల్లేకపోవాలి. అంత సుఖమైన చెయ్యి ఆమె మునుపెన్నడూ పొయ్యలేదు.

అతను మురిసిపోతూ తొడుక్కెళ్లాడు. వానలు పడ్డాక తిరిగొచ్చాడు, మనిషి సగమై.

"ఎక్కడన్నా ఒరుసుకుంటోందా?"

"లేదమ్మా. ఒరుసుకున్నా బాగుండేది." చెయ్యి ఊడదీసి బల్ల మీద పెట్టాడు. "ఇది ఎవరిదో నాకు తెలుసు. అన్నం తింటుంటే కంచం పక్కనే ఉంటోంది."

తీసేసి తిరగలేవా అంటే, మొండి చూస్తే మనవరాలు దగ్గరికి రాదన్నాడు. మార్చమని బతిమాలాడు. ఆ తీగ ఎవరు కట్టారో చెబితే మారుస్తానంది.

"నేనే కట్టాను."

"నాకెందుకు? మా ఆయనకి చెప్పు."

లోపలి గది తెర తొలగింది. నోట్లో నాలుక లేనివాడని వాడకట్టంతా జాలిపడే ఆ మనిషి వచ్చి నిలబడ్డాడు. ఫోర్‌మన్ అదే మాట మళ్లీ చెప్పాడు, ఏడుస్తూ. అంతా విని ఆమె మొగుడు తన ఎడమచేత్తో బల్ల మీది ఎడమచేతిని తీసుకున్నాడు. దాన్ని ఫోర్‌మన్ మొండికి తొడిగి, ఓపిగ్గా అంచు సర్దాడు.

"బాగా కుదిరింది సార్. ఉంచుకోండి."

"మారుస్తానందిగా ఈవిడ."

"మాటిచ్చింది తను. చెయ్యి నాది."

ఫోర్‌మన్ వానలోకి దిగాడు. కుడిచేతిలో గొడుగుంది కనుక, కళ్లు ఆ ఎడమచేత్తోనే తుడుచుకున్నాడు.