బస్సుకు ముందొచ్చే ఆటో

మూడో తరగతితో బడి మానేసినదాన్ని. లెక్క మాత్రం గట్టిగా వచ్చు. తక్కువకు దొరికేదాన్ని ఎక్కువ పెట్టి కొనడం నా ఒంటికి పడదు. ఆ గుణమే నా మనవరాలి మీదికి ఎంత తెచ్చిందో తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

ఆడవాళ్లకు బస్సు ఉచితం కాకముందు సంగతి. రాజుపాలెం వైపు నుంచి మా ఊరి మీదుగా ప్రొద్దుటూరుకు పొద్దున ఎనిమిదికి ఒక బస్సు పోయేది. ఇంట్లో రవికె గుడ్డలు, లంగాలు అమ్ముకునే నేను సరుకు కోసం వారానికి మూడుసార్లు దాంట్లోనే టౌనుకు పోయేదాన్ని. పులివెందులలో ఉన్న నా కూతురు తన బిడ్డను ప్రొద్దుటూరు కాలేజీలో చేర్చి నా దగ్గర ఉంచింది కూడా ఆ బస్సును నమ్ముకునే. పిల్లకు పాసు ఉండేది.

అంతలో ఆటోలు దిగాయి. ఫైనాన్సు వాళ్లు ఇంటికే వచ్చి సంతకాలు పెట్టించుకుని బండ్లిచ్చారు. మా ఒక్క వీధిలోనే మూడు. అడిగేవాడు లేడు, ఆపేవాడు లేడు, ఎవడు ముందొస్తే వాడికే జనం. బస్సుకు ఇరవై రూపాయలైతే ఆటోకు పదిహేను. బస్సుకు సరిగ్గా ఐదు నిమిషాల ముందు ఆటో వచ్చి నిలబడేది. నేను ఊరుకున్నానా? రోజూ పదిమందిని నేనే పోగేసి ఎక్కిస్తాను, తలకు పన్నెండు చెయ్యమని బేరమాడి ఒప్పించాను. వీధిలో ఆడవాళ్లంతా నన్ను మెచ్చుకున్నారు. గర్వంగానే ఉండింది.

బస్సులో పాసు పిల్లలు తప్ప ఎవరూ మిగల్లేదు. "అవ్వా, డ్రైవరు, కండక్టరు, మేం నలుగురం. మాకోసరమే మాట్లాడిన పెండ్లి బస్సు మాదిరి పోతాండాం" అని నా మనవరాలు నవ్వింది. కాళ్లు చాపుకుని పొమ్మన్నాను.

ఒక సోమవారం బస్సు రాలేదు. మంగళవారమూ రాలేదు. వారం తిరిగేసరికి ఆటో ముప్పై అయింది. పద్నాలుగు మంది నిండితే గానీ కదలదు. మన బేరం ఏమైందని ఆటో అతన్ని నిలదీశాను. అతను మొహమాటపడలేదు.

"బస్సు లేదు గదవ్వా. ఇష్టముంటే ఎక్కు, లేకుంటే నడ్సు."

ఎక్కాను. పిల్లకు రోజూ పోనూ రానూ అరవై చేతిలో పెట్టేటప్పుడు సణగని రోజు లేదు.

నెల తర్వాత ఒక రోజు, పిల్లకంటే ముందు ఆటోలో సరుకుకని ప్రొద్దుటూరు పోయాను. నాలుగు రోడ్ల కూడలిలో ఆటోలు ఎటు పడితే అటు ఆగి, మధ్యలో స్కూటర్లు దూరి, నడిచేవాళ్లకు అడుగు పెట్టే చోటు లేదు. నా ముందు ఒక ఆటో నిండుగా పోతోంది. దాని వెనక చెక్క మీద, రోడ్డు వైపు మొహం పెట్టి, కాళ్లు బయటికి వేలాడేసి ఒక ఆడపిల్ల కూర్చుని ఉంది. వెనక వచ్చిన మోటారు సైకిలు చక్రం ఆ పిల్ల మోకాళ్లకు జానెడు దూరంలో ఆగింది. పిల్ల కళ్లు గట్టిగా మూసుకుంది. అది నా మనవరాలు.

సంచి అక్కడే పడేశాను. పోయి రెక్క పట్టి కిందికి లాగాను. సీట్లో కూర్చోకుండా ఆడెందుకు కూర్చున్నావే అని అరిచాను.

"వెనకైతే పదహైదే అవ్వా. నువ్వే గదా బేరం చేసుకోవాలంటావు."

కొట్టడానికి ఎత్తిన చెయ్యి అట్లాగే నిలిచిపోయింది.

రాత్రి కూతురితో ఫోనులో చెప్పక తప్పలేదు. చదువు చాలు, ఈ నెలాఖరుకు పిల్లను పులివెందులకు పంపేయమంది. పిల్ల లోపల గదిలో పుస్తకం ముందు పెట్టుకుని కూర్చుని ఉంది. పేజీ తిప్పడం లేదు.

మరునాడే వీధిలో నలుగురు ఆడవాళ్లను వెంటబెట్టుకుని బస్సు డిపోకు పోయాను. అక్కడి పెద్దాయన నిదానంగానే మాట్లాడాడు.

"ఆ ట్రిప్పులో పాసులు తప్ప ఒక్క టిక్కెట్టు తెగలేదమ్మా. జమ్మలమడుగు దావలో జనం నిలబడి పోతాండారు. అందుకే బస్సును ఆడికి మార్చినాం."

సర్కారు బస్సంటే ఎవరెక్కినా ఎక్కకపోయినా వస్తుందనుకున్నాను. నా గుడ్డల మాదిరి దానికీ గిరాకీ చూస్తారని తెలియదు. ఆ గిరాకీని చెడగొట్టింది ఎవరో ఆయనకు చెప్పలేదు. బతిమాలగా పదిహేను రోజులు నడిపి చూస్తామన్నాడు. టిక్కెట్లు తెగితే ఉంచుతారు, లేకుంటే తీసేస్తారు. కూతురిని ఆ పదిహేను రోజులు గడువు అడిగాను.

మొదటి రోజు అందరం స్టాపులో నిలబడ్డాం. ఎప్పటిలాగే ఆటో ముందొచ్చింది. అతను తల బయటికి పెట్టి, ఈ రోజు నుంచి పదేనని చెప్పాడు. ఆడవాళ్లు నా మొహం చూశారు. మనవరాలు కూడా చూస్తోంది, కానీ నా మొహాన్ని కాదు. ఏం చూస్తోందా అని కిందికి చూసుకున్నాను. నా కుడి కాలు ఆటో మెట్టు మీద ఉంది. ఎప్పుడు పెట్టానో నాకే తెలియదు.

నిప్పు తొక్కినట్టు కాలు తీసేశాను. ఇద్దరు మాత్రం ఎక్కి పోయారు. నా బేరం నేర్చినవాళ్లే, ఏమని తిట్టను?

బస్సు వచ్చింది. మిగిలిన ఆడవాళ్లు ఎవరి టిక్కెట్టు వాళ్లు తీసుకున్నాక, చివర ఎక్కిన నేను కండక్టరుకు అరవై రూపాయలిచ్చి మూడు టిక్కెట్లు అడిగాను. అతను నా వెనక చూశాడు.

"ఇంగిద్దరు యాడమ్మా?"

"ఆటోలో పోయినారు. నువ్వు టిక్కెట్లు కొట్టప్పా."