ఏసమ్మ చేతి రొట్టె

పిండేసిన నిమ్మచెక్కను ఏసమ్మ పారేయదు. రోజూ వంట ముగిశాక దానితో పది వేళ్ళూ, గోళ్ళ సందులూ రుద్దుకుని, కడుక్కుని, వాసన చూసుకుంటుంది. ఉల్లిపాయ ఇంకా పోలేదనిపిస్తే మళ్ళీ రుద్దుతుంది. కువైట్‌లో ఆమె పనిచేసే ఇంటి యజమానురాలికి ఇదేం పట్టదు. ఇది చిన్నప్పుడు రేపల్లెలో తల్లి నేర్పిన అలవాటు. గుళ్ళో పాస్టరు అయ్యగారు రొట్టె ముక్క పెట్టేది ఈ అరచేతిలోనే, అది కంపు కొడితే ఏం మర్యాద అనేది ఆవిడ.

రేపల్లె దగ్గరి పల్లెలో ఏసమ్మ పదకొండేళ్ళు బడిపిల్లలకు మధ్యాహ్న భోజనం వండింది. భర్త పోయాక కువైట్ వచ్చి ఏడేళ్ళయింది. రెండు వారాలకోసారి శుక్రవారం సెలవు. అక్కడ ఆదివారం పనిదినం కాబట్టి తెలుగువాళ్ళ ఆరాధన కూడా శుక్రవారమే. ఒక విల్లా కింది అంతస్తులో అద్దె హాలు, దానికి ఆనుకుని వంటిల్లు. ఏసమ్మ సెలవంతా ఆ వంటింట్లో గడిచేది.

ఆ తెలుగు క్రైస్తవ సహవాసంలో ప్రతివాళ్ళకీ ఒక పరిచర్య ఉంది. కుర్చీలు వేసేవాడిది కుర్చీల పరిచర్య, మైకు సర్దేవాడిది మైకు పరిచర్య. సంఘ పెద్ద జ్ఞానానందానిది ఏ పరిచర్యో ఎవరికీ తెలియదు. మండే ఎండలో కోటు వేసుకుని గుమ్మం దగ్గర నిలబడతాడు, అంతే. తెనాలిలో ఉన్నన్నాళ్ళూ క్రిస్మస్‌కి తప్ప గుడి మొహం చూడని మనిషి. ఇక్కడ ఒక కంపెనీ గోడౌన్‌లో స్టోర్‌కీపరు. ఆరు రోజులు పై అధికారి ముందు చేతులు కట్టుకుని నిలబడి, ఏడో రోజు ఆ చేతులు విప్పుతాడు.

పాటలు నడిపే క్రిస్టినాది బాపట్ల. తాతగారు మిషన్ బడిలో హెడ్మాస్టరన్న సంగతి లేకుండా ఆమె సభలో చెప్పే సాక్ష్యం పూర్తవదు. తనకంటే పదిహేనేళ్ళు పెద్దదైన ఏసమ్మను పేరు పెట్టి పిలుస్తుంది. బాపట్లలోనైతే కూరగాయలమ్మే ఆవిడను కూడా పిన్నీ అనేదేమో. విమానం ఎక్కేటప్పుడు ఆ వరసలు సామాను బరువులో పట్టలేదు కాబోలు.

ఏసమ్మది వంటింటి పరిచర్య అని పేరు పెట్టింది జ్ఞానానందమే. దేవుడికి అన్నిటికంటే ఇష్టమైన సేవ అదేనని అతను చెప్పినప్పుడల్లా ఆమెకు ఆదివారం బడిలో విన్న అక్కచెల్లెళ్ళ కథ గుర్తొచ్చేది. ప్రభువు ఇంటికొస్తే అక్క వంటింట్లో హైరానా పడింది, చెల్లెలు ఆయన పాదాల దగ్గర కూర్చుని విన్నది. ఆయన మెచ్చుకున్నది చెల్లెల్ని. ఆ ముక్క జ్ఞానానందానికి చెప్పే ధైర్యం ఆమెకు లేకపోయింది.

రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్ల ఇవ్వడానికి అయ్యగారు మూడు నెలలకోసారి దుబాయ్ నుంచి వస్తారు. ఆయన వస్తే మంచి భోజనం ఉండాలి, కాబట్టి ఏసమ్మ పొయ్యి దగ్గర ఉండాలి. వంట తన మీద పడ్డాక అలా ఏడాది గడిచింది. ఊళ్ళో జ్వరంతో కూడా బల్ల మానని మనిషి, ఏడాదిగా ఆ రొట్టె ముట్టలేదు.

గత మార్చిలో అయ్యగారు వస్తున్నారని తెలియగానే జ్ఞానానందానికి ఫోన్ చేసింది. ఈసారి తనను బల్లకు పిలవమని అడిగింది. తప్పకుండా పిలుస్తానని అతను మాటిచ్చి, అదే ఊపులో ఇంకో పని అప్పజెప్పాడు. క్రిందటిసారి క్రిస్టినా చేసిన రొట్టె అప్పడంలా విరిగిందట. ఈసారి బల్లకు పులియని రొట్టె, ద్రాక్షరసం కూడా ఏసమ్మే చేయాలట.

ఆ శుక్రవారం ఆరింటికల్లా హాలుకు చేరింది. నల్లద్రాక్ష ఉడికించి గుడ్డలో వడగట్టింది. రొట్టె కాల్చి తెల్లగుడ్డలో చుట్టి హాల్లోకి పంపింది. పదింటికి కోడికూర, గోంగూర అయిపోయాయి. పలావుకు ఎసరు పెట్టబోతుంటే జ్ఞానానందం వచ్చి ఆపాడు. క్రిందటిసారి అయ్యగారు చల్లారిన పలావు తిన్నారట, అందుకని ప్రసంగం సగంలో ఉండగా బియ్యం వెయ్యాలట. ఏసమ్మ గిన్నె పక్కన పెట్టింది. పిలుస్తానన్నాడు కదా.

గోడ అవతల అరగంట శాలువాలు కప్పుకున్నారు. ఆ తర్వాత ప్రసంగం, అణకువగా బతికే తగ్గింపు జీవితం గురించి. పాపాల ఒప్పుకోలు ప్రార్థన వచ్చేసరికి ఏసమ్మ పొయ్యి ముందే కళ్ళు మూసుకుని తనూ చెప్పుకుంది. కుర్చీలు జరిగిన చప్పుడు, వరస కదిలిన చప్పుడు వినిపించాయి. ఎవరూ వచ్చి పిలవలేదు.

ముప్పావు ఉడికిన పలావు కింద మంట ఆపేసింది. నిమ్మచెక్కతో వేళ్ళు రుద్దుకుని హాలు గుమ్మం దగ్గరికి వెళ్ళింది. జ్ఞానానందం అడ్డంగా నిలబడ్డాడు.

"ఏంటక్కా, ఇటొచ్చేశావ్? అన్నం?"

"ఆపేశానండి. బల్లకి పిలుస్తానన్నారు కదా."

"ఈ ఏప్రన్‌తోనా? లైవ్ వెళ్తోందక్కా. అయినా ఆ రొట్టె నీ చేతిదేగా. నువ్వు తీసుకున్నట్టే."

"అయితే పలావు నేనొక్కదాన్నే తింటాలెండి. మీరు గుమ్మంలో వాసన చూశారుగా, మీరూ తిన్నట్టే."

వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. జ్ఞానానందం మొహం మాడ్చుకుని, సేవ గురించీ విధేయత గురించీ గుసగుసగా చెప్పుకుపోయాడు. అతని కోటు భుజం మీదుగా ఏసమ్మకు వరస కరిగిపోవడం కనిపిస్తూనే ఉంది. ఆఖరి మనిషి వెనక్కి తిరిగాడు. అయ్యగారు పళ్ళెం మీద గుడ్డ కప్పారు.

"అదిగో, అయిపోయింది. వచ్చేసారి ముందు నీకే" అన్నాడు జ్ఞానానందం.

బల్ల మీద మిగిలింది పారేయకూడదు. కాబట్టి సంఘ పెద్దగా తన బాధ్యత నిర్వర్తించడానికి అతను ముందుకు నడిచాడు. మిగిలిన రొట్టె ముక్కలు నోట్లో వేసుకుని, గిన్నె ఎత్తి ద్రాక్షరసం చివరి చుక్క దాకా తాగి, రుమాలుతో మూతి తుడుచుకున్నాడు.

ఏసమ్మ వంటింట్లోకి వెళ్ళింది. పొయ్యి మళ్ళీ వెలిగించలేదు. ఏప్రన్ కొళాయికి తగిలించి, సంచీ తీసుకుని బస్సెక్కింది.

సాయంత్రం క్రిస్టినా వాయిస్ మెసేజ్ పెట్టింది. అయ్యగారి పంటి కింద బియ్యం పలుకు పడిందట, తన తాతగారి ఇంట్లో పనివాళ్ళు ఎన్నడూ ఇలా చేయలేదట. ఏసమ్మ దాన్ని రెండుసార్లు వింది, పలుకు సంగతి కోసం.

ఇప్పుడు సెలవు శుక్రవారాల్లో ఆమె మలయాళీల గుడికి వెళ్తుంది. ఒక్క ముక్క అర్థం కాదు. మూడో వరసలో కూర్చుంటుంది. ఇప్పటికి మూడుసార్లు బల్ల తీసుకుంది. ఆమెకు వంట వచ్చని అక్కడ ఎవరికీ తెలియదు.