ఇరవై గోళ్ళు

మా నాన్న వైపు వాళ్ళకు గోళ్ళుండవు. నాయనమ్మకు లేవు, నాన్నకు లేవు, చిన్నాన్నకు లేవు. వేళ్ళ చివర మెత్తటి చర్మం, అంతే. అరకు సంతలో కొత్తవాళ్ళు ఆ చేతులు చూసి పెద్దరోగమనుకుని దూరం జరిగేవారు. మా ఊళ్ళో మాత్రం అది ఆ ఇంటి గుర్తు.

నేను గోళ్ళతో పుట్టాను.

నేను కడుపున పడక ముందు నుంచీ అమ్మ రైలు లైను పనిలో రాళ్ళు మోసేది. సొరంగాలు తవ్వడానికి ఎక్కడెక్కడి మగవాళ్ళో వచ్చి ఉన్నారు. నాయనమ్మకు అంతకంటే ఏం కావాలి? "మా ఇంట పుట్టినోళ్ళకి గోళ్ళుండవు. ఈ గుంటకి ఇరవై ఉన్నాయి. ఎవుడి గుంటో ఆ లైను కాడే అడగండి" అని మంత్రసాని ముందే అందట. నాన్న ఆ మాట కాదనలేదు. అలాగని అమ్మను వెళ్ళగొట్టనూ లేదు, చేలో పనికి మనిషి కావాలి కదా. నాతో పలకడం మాత్రం మానేశాడు. గుంటంటే మా వైపు ఆడపిల్ల. ఊరు నాకు లైను గుంట అని పేరు పెట్టింది.

కానీ నా గోళ్ళంటే ఆ ఇంట్లో అందరికీ ప్రాణం. ఎవరి కాలిలో ముల్లు దిగినా నేనే తీయాలి. చింతపండు ఈనెలు నేనే తీయాలి. మధ్యాహ్నం పూట నాయనమ్మ నా ముందు తల వంచుకుని కూర్చుని పేలు కుక్కించుకునేది. "బేగి కానీయే లైను గుంటా" అనేది. ఆ తల మీద నాకు ఎప్పుడూ జాలి కలగలేదు, ఇప్పటికీ కలగదు.

నన్ను జి.మాడుగుల వైపు ఇచ్చారు. మా ఆయన ఇంట్లో అందరికీ గోళ్ళున్నాయి. తొలి కాన్పుకి పుట్టింటికొస్తే ఆడపిల్ల పుట్టింది. అమ్మే నీళ్ళు పోస్తూ మధ్యలో ఆగిపోయింది. పిల్లకు చేతులకూ కాళ్ళకూ ఒక్క గోరూ లేదు. అది అత్తింటి నుంచి వచ్చింది కాదు. నా నుంచే రావాలి, నాకు నాన్న నుంచే రావాలి.

నాన్న పిల్ల చేతిని పట్టుకుని చాలాసేపు చూశాడు. "మన రగతమేనే" అన్నాడు నాతో. నాకు బుద్ధి తెలిశాక ఆయన నా ముఖం చూసి మాట్లాడిన మొదటి మాట అది. నాకు సంతోషం కలగలేదు, ఒళ్ళు మండింది. నాయనమ్మ ఏడ్చింది. కోడిని కోసి ఇరుగుపొరుగుని పిలిచారు.

అమ్మను కూడా తినమని నాన్న విస్తరి వేశాడు. అమ్మ కూర్చోలేదు.

"నాను తప్పు సెయ్యలేదని మీకు ఈయేళ తెలిసింది, మీరు తినండి. నాకు ఆయేళే తెలుసు. నాకేటి పండగ?" అంది.

కొడవలి తీసుకుని చేనుకి పోయింది.