ఇంజిన్‌కు మొదటి చెయ్యి

"తండ్రి పోయిన దిగులులో పాతకారు పిచ్చి పట్టింది, పాపం కాత్యాయని" అని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. అలా జాలిపడినవాళ్ళలో ఒక్కరు కూడా ఆదివారం వర్క్‌షాప్‌కు వచ్చి కాత్యాయనికి టార్చిలైటు పట్టలేదు. పట్టింది నేను. మా ఇద్దరిదీ సైన్స్ పార్క్‌లో ఒకే ఆఫీసు, చోవా చూ కాంగ్ పేటలో ఒకే ఫ్లాట్ల బ్లాకు. అందుకే ఈ సంగతి చెప్పే హక్కు నాకుంది.

వాళ్ళ నాన్న సాంబమూర్తిగారు షిప్‌యార్డులో పనిచేసి రిటైరయ్యారు. ఆయనకో పాత మారిస్ మైనర్ కారు ఉండేది. చిన్నప్పుడు ఆంగ్ మో కియో పేటలోని ఫ్లాట్‌లో హోంవర్క్ చేసుకుంటూ, కింద కార్‌పార్క్‌లో ఆ ఇంజిన్ గొణుగుడు వినబడగానే కాత్యాయని పరిగెత్తి తలుపు తీసేదట. బండి మొరాయించాక కూడా ఆయన దాన్ని వదులుకోలేదు. దగ్గర్లోనే ఉన్న మెకానిక్ లిమ్ అంకుల్ వర్క్‌షాప్‌లో ఓ మూల పెట్టించి, "రిటైరయ్యాక విప్పుదామే, నువ్వూ నేనూ" అనేవారు. అన్నట్టే విప్పారు. తండ్రీ కూతుళ్ళు ఇంజిన్ దించి, ఏ బోల్టులు ఎక్కడివో ఖాళీ మైలో పొడి డబ్బాల్లో సర్దిన వారానికే ఆయనకు గుండె ఆగింది.

"పెళ్ళయిన కూతురివి, నీకు మైల మూడు రోజులే" అన్నారు పెద్దలు. నాలుగో రోజు అది తలంటుకుని ఆఫీసుకొచ్చి కూర్చుంది. తమ్ముడు ఉదయ్‌కిరణ్‌కు మాత్రం ఏడాది. కొడుకు కదా! ఆ ఏడాదంతా వాడు పండగలు మానేశాడు, ఇంకేం చేశాడో నాకైతే తెలియదు.

కాత్యాయని ప్రతి ఆదివారం వర్క్‌షాప్‌లో కూర్చుని పిస్టన్ల మీది మసి గీకేది. డబ్బా మూత తీసినప్పుడల్లా ఏడుపే. ఓసారి కొత్త రింగు ఎక్కిస్తూ పుటుక్కున విరగ్గొట్టింది. లిమ్ అంకుల్ "అయ్యో, గర్ల్, స్లోలీ లా!" అని ఇక్కడి యాసలో అరిచి తల పట్టుకున్నాడు. ఇంకోసారి బేరింగులు బిగించాక ఎందుకో అనుమానం వచ్చి మొత్తం మళ్ళీ విప్పింది. నాకు విసుగొచ్చి, "ఎందుకే ఈ గోల? కాగితాల గడువు ఎప్పుడో తీరింది, ఎలాగూ రోడ్డెక్కేది కాదు కదా" అన్నాను.

"రోడ్డు ఎవడిక్కావాలి అక్కా? ఒక్కసారి దాని శబ్దం వినాలి. నాన్న కిందికొచ్చారు అనిపిస్తుంది చూడు, అది చాలు నాకు."

టార్చిలైటు ఇంకాస్త దగ్గరగా పట్టాను.

మొన్నటి ఆదివారానికి పని అయిపోయింది. ఇంజిన్ బండిలో కూర్చుంది, కాత్యాయని బ్యాటరీ తగిలించింది, పెట్రోలు కూడా కాస్త పోసింది. తీరా చూస్తే ఇంజిన్ అడుగున బోల్టు దగ్గర ఆయిల్ కారుతోంది. దానికి కొత్త రాగి వాషర్ వేయాలి, అది శనివారానికి గానీ రాదు. ఆయిల్ మొత్తం దించేసి, డాష్‌బోర్డు మీద తెల్లకాగితం అంటించింది. ఆయిల్ లేదు, స్టార్ట్ చేయొద్దు అని ఇంగ్లీషులో పెద్దక్షరాలతో రాసింది. వచ్చే ఆదివారం అందరం కలిసి స్టార్ట్ చేద్దామని వాళ్ళమ్మ ప్రభావతిగారికీ, తమ్ముడికీ ఫోన్ చేసి మరీ చెప్పింది.

బుధవారం సంవత్సరీకం. కాత్యాయని సెలవు పెట్టి పుట్టింటికి వెళ్ళి గారెలు వేసి, గిన్నెలు కడిగి వచ్చింది. ఆ రోజంతా తల్లీ కొడుకులు దాని ఎదురుగానే తిరిగారు. మర్నాటి సంగతి ఒక్కరూ చెప్పలేదు.

గురువారం మధ్యాహ్నం క్యాంటీన్‌లో తింటుంటే కుటుంబం గ్రూపులో వీడియో వచ్చింది. మారిస్ చక్రాల కింద నిమ్మకాయలు, బానెట్ మీద పసుపూ కుంకుమా, స్టీరింగ్ దగ్గర పట్టుపంచెలో ఉదయ్‌కిరణ్! రెండుసార్లు నసిగి మూడోసారికి ఇంజిన్ అందుకుంది. కాత్యాయని చెంచా వదిలేసి రెండు చేతులా ఫోన్ పట్టుకుంది.

"అక్కా, ఇదే. నాన్న" అంది. కళ్ళ నిండా నీళ్ళు.

అంతలోనే దాని ముఖం పాలిపోయింది. డాష్‌బోర్డు మీద దండ వేసిన సాంబమూర్తిగారి ఫొటో పెట్టారు. తండ్రి కళ్ళారా చూడాలని కాబోలు! ఆ ఫొటో వెనక నుంచి కాత్యాయని అంటించిన తెల్లకాగితం అంచు కనిపిస్తోంది.

"ఆపరా! ఆయిల్ లేదురా!" అని వీడియో మీద కేకలు పెట్టింది. క్యాంటీన్ అంతా మా వైపు చూసింది. వాడేమో బంధువుల కోసం యాక్సిలరేటర్ ఇంకా ఇంకా తొక్కుతున్నాడు. లోపల ఏదో టకటకా కొట్టుకుంటుండగా వీడియో అయిపోయింది. ఫోన్ చేస్తే ఇద్దరూ ఎత్తలేదు. టాక్సీ ఎక్కి పరిగెత్తాం.

మేం వెళ్ళేసరికి అంతా అయిపోయింది. లోపలి రాడ్డు విరిగి ఇంజిన్ పక్కగోడను పగలగొట్టుకుని బయటికొచ్చింది. లిమ్ అంకుల్ ఆ రంధ్రంలోకి చూసి తల అడ్డంగా ఊపాడు. "ఫ్యామిలీ అని తాళం ఇచ్చాను" అన్నాడు నాతో, తప్పు తనదే అన్నట్టు.

"ఏడాది తీరిందిగా, ఇవాళ మంచిరోజన్నారు పంతులుగారు" అన్నారు ప్రభావతిగారు, అడగకుండానే. "మొదట కొడుకు చెయ్యి పడాలన్నారు. నీకు చెబితే గొడవ చేస్తావని చెప్పలేదే. మాకేం తెలుసు, ఇలా అవుతుందని?"

ఇదీ వరస! గొడవ చేస్తుందని తెలుసు, అయినా చేశారు. నేను ఏదో అనబోతే కాత్యాయని నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"అమ్మా, నాన్న పడిపోయినప్పుడు ముందు ఎవరికి ఫోన్ చేశావు?"

ఆవిడ తల వంచుకుంది.

"నాకే. ఆసుపత్రికి పరిగెత్తింది నేనే, ఆయన బట్టలు మూటగట్టి తెచ్చింది నేనే. అప్పుడు మంచిరోజు చూడలేదు, కొడుకు చెయ్యి కావాలనలేదు. ఆయన బండి మళ్ళీ పలికే రోజుకి మాత్రం నేను పరాయిదాన్నయ్యానా?"

ఉదయ్‌కిరణ్ దగ్గరికొచ్చి, "సారీ అక్కా. ఐ డిడ్‌న్ట్ నో లా. ఇంకో ఇంజిన్ వెతుకుదాం, నువ్వు మళ్ళీ చెయ్యగలవు కదా" అన్నాడు.

కాత్యాయని డాష్‌బోర్డు మీంచి తండ్రి ఫొటో తీసుకుంది. దండ తీసి వాడి చేతిలో పెట్టింది.

"నువ్వే చెయ్యి. ఈసారి మసి గీకడం దగ్గర్నుంచీ కొడుకు చెయ్యే పడనీ" అని బయటికి నడిచింది.