దొర వంశవృక్షంలో చుక్కల గీత

మా ఊరి పటేలు నాకు ఫోన్ చేయడం అదే మొదటిసారి. వనపర్తిలో ముప్పై ఏళ్ళు ఇంగ్లీషు పాఠాలు చెప్పి రిటైరయినా, ఆయన దృష్టిలో నేను ఆయన చేన్లో కలుపు తీసినదాని బిడ్డనే. అందుకే ఆ గొంతులో అంత తియ్యదనం వినేసరికి నవ్వొచ్చింది.

"టీచరమ్మా, మంచిగున్నవా? లండన్ దిక్కు నుంచి ఒక దొర వస్తుండు. ఎనకట మన కాడ నీలిమందు పండించిన దొర ఉండె జూడు, గాయన వంశంలోడంట. గాయినకు మన మాట తెల్వదు, మాకు గాయిన మాట తెల్వదు. నువ్వు జర రెండు దినాలు ఎంబడి ఉండాలె."

"ఇంగ్లీష్ వచ్చినోళ్లు ఇంకెవరు లేరా పటేలా?"

"ఉన్నరు గని, నీకైతే పాత ముచ్చట్లు ఎరుకనాయె."

నాకు ఏ పాత ముచ్చట్లు ఎరుకో ఆయనకు తెలిస్తే ఆ ఫోన్ చేసేవాడు కాదు.

వీపనగండ్ల దగ్గర కృష్ణ ఒడ్డున ఉన్న మా ఊళ్ళో నీలిమందు దొర కథ తెలియనివాళ్ళు లేరు. కుంఫిణీ పటాలంలో పనిచేసి, అది విడిచిపెట్టి, ఏటి ఒడ్డున భూమి కౌలుకు పట్టి, బంగ్లా కట్టుకుని ఉండిపోయాడట. ఈ చుట్టుపక్కల కాపురం పెట్టిన మొదటి తెల్లవాడు. ఆ బంగ్లా జాగా ఇప్పుడు ప్రాజెక్టు వెనక నీళ్ళ కింద ఉంది. పటేలు తాతకు తాత ఆ దొరకు కుడిభుజమని ప్రతి పెళ్ళిలో, ప్రతి పంచాయితీలో పటేలే చెప్పేవాడు. వాళ్ళ హాల్లో దొర ఇచ్చాడని చెప్పే చేతుల కుర్చీ ఒకటి ఉంది. అది హైదరాబాదులో పాత సామాన్ల దుకాణం నుంచి లారీలో దిగడం మా అమ్మ కళ్ళారా చూసింది.

ఆ కళ్ళ గురించి కూడా చెప్పాలి. మా అమ్మ కళ్ళు బూడిద రంగు. అవ్వవీ అంతే, పెద్దమ్మవీ అంతే. ఊళ్ళో మా అమ్మవైపువాళ్ళను పిల్లికండ్లోళ్లు అనేవారు. "ఓ పిల్లికండ్లదానా, గా సాలు ఇడిసిపెట్టినవేందే?" అని పటేలు గట్టు మీద నుంచి కేకవేసేవాడు. నా చిన్నప్పుడు ఆ కేక ఎన్నిసార్లు విన్నానో. ఎందుకట్లా అంటారని అడిగితే అమ్మ "దేవుడిచ్చిండు" అని ఊరుకునేది. కాలేజీకొచ్చాక నాకు అర్థమైంది. అర్థమైనా అడగలేదు. నా కళ్ళు నాన్నలాగా నల్లగా ఉన్నందుకు లోలోపల సంతోషించాను. దాన్ని తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే రోత.

సరే, వస్తానన్నాను. ఆ వచ్చేవాడి మొహం ఎట్లా ఉంటుందో చూద్దామనిపించింది.

ఊరి మొదట్లో ఫ్లెక్సీ కట్టారు. ఒక పక్క నవ్వుతున్న తెల్లాయన, ఇంకో పక్క దండం పెడుతున్న పటేలు. తెల్లాయనకు డెబ్బై ఏళ్ళుంటాయి. మనిషి పొడుగు. ఎండకు మెడ కంది ఉంది, చొక్కా మీద బోలెడన్ని జేబులున్న కోటు. మర్యాదస్తుడే. ప్రతి మాటకూ థాంక్స్ చెప్పాడు. గద్వాలలో మూడు రోజులు తిరిగినా పాత కాగితాలేవీ దొరకలేదని వాపోయాడు. ఎనిమిదేళ్ళుగా వంశచరిత్ర రాస్తున్నానని, ఈ దొర ఒక్కడి చావే తేలలేదని, సమాధి దొరికితే పుస్తకం పూర్తవుతుందని చెప్పాడు.

నేను పటేలుకు తెలుగులో చెప్పాను.

"గోరీ ఉన్నదని చెప్పు," అన్నాడు పటేలు వెంటనే. "మా తాతకు తాతనే కట్టించిండు."

చేలకు అడ్డంపడి తీసుకెళ్ళాడు. రేగుకంపల మధ్య నడుమెత్తు దిమ్మె, తెల్లటి సున్నం, మీద బంతిపూల దండ. నేను దాన్ని చూడగానే పోల్చుకున్నాను. ఎండిపోయిన బోరు మోటారు దిమ్మె అది. మోటారు బిగించిన ఇనుప బోల్టుల మొనలు దండ కింద నుంచి కనబడుతూనే ఉన్నాయి. ఎండాకాలం సెలవుల్లో ఆ బోరు నీళ్ళే మేం బిందెలతో మోసుకున్నాం.

తెల్లాయన టోపీ తీశాడు. మోకాళ్ళ మీద కూర్చుని దిమ్మె మీద చెయ్యి పెట్టాడు. పచ్చి సున్నం అరచేతికంతా అంటింది. ఆయన దాన్ని చూసుకోలేదు, ఏడుస్తున్నాడు. పటేలు మనిషి సెల్లులో వీడియో తీస్తున్నాడు. దొర జ్వరంతో చనిపోతూ పటేలు పూర్వీకుడి చెయ్యి పట్టుకున్నాడన్నది కూడా నా చేతనే చెప్పించారు. అక్షరం పోకుండా ఇంగ్లీషులోకి మార్చి చెప్పాను. నేనెందుకు నోరు మూసుకున్నానో ఇప్పటికీ సరిగా చెప్పలేను. ముసలాయన ఏడుపు చెడగొట్టడం ఎందుకనుకున్నానని అప్పుడు సర్దిచెప్పుకున్నాను. నిజానికి పటేలు ముందు నోరెత్తని అలవాటు ఆ వయసులో కూడా నన్ను వదల్లేదు.

ఆ సాయంత్రం వనపర్తి లాడ్జిలో ఆయన దొర ఫోటో చూపించాడు. పాతది, గోధుమరంగు తిరిగిపోయింది. ఆ నుదురు, రెండు కళ్ళ మధ్య ఆ ఎడం, కోపం లేకుండానే కోపంగా కనిపించే ఆ చూపు. మా అమ్మకు మీసాలు పెట్టినట్టుంది. దొర వాళ్ళ అక్కకు రాసిన ఉత్తరం కూడా చదివి వినిపించాడు. ఇక్కడి పటేలు చాలా నమ్మకస్తుడనీ, నాకు కావలసినవన్నీ అడగకముందే సమకూరుస్తాడనీ ఉంది అందులో.

"ఎంత గొప్ప స్నేహమో చూడండి," అన్నాడు.

"ఉప్పునుంతలలో ఒక ముసలామె ఉంది. ఆమెకు చాలా సంగతులు తెలుసు. రేపు పోదాం," అన్నాను.

ఆమె మా పెద్దమ్మ అని చెప్పలేదు.

పొద్దున్నే పటేలు కారు ముందు సీట్లో కూర్చుని ఉన్నాడు. తెల్లాయనను ఒక్కడినే వదిలితే దొర కథలో తన పాలు తగ్గుతుందని భయం. బిజినేపల్లిలో చాయ్ తాగేటప్పుడు నలుగురిని పిలిచి తెల్లాయనతో ఫోటో దిగాడు. నాగర్‌కర్నూలు దాటాక నిద్రపోయాడు.

పెద్దమ్మ ఇంటి ముందు పల్లిచెట్ల కుప్ప పక్కన కూర్చుని కాయ తెంపుతోంది. ఎనభై అయిదేళ్ళ మనిషి. వయసులో ఉన్నప్పుడు మేస్త్రి వెంట దేశమంతా తిరిగి కాలువలు తవ్వింది, రోడ్లకు కంకర మోసింది. కార్లోంచి తెల్లాయన దిగినా లేవలేదు.

"ఎవరే గీ ఎర్రమనిషి?"

"నీలిమందు దొర వంశంలోడు, పెద్దమ్మా."

ఆమె ఇంకో నాలుగు కాయలు తెంపింది. అప్పుడు తలెత్తింది. తెల్లాయన ఆ కళ్ళు చూసి నిలబడ్డచోటే నిలబడిపోయాడు. ఆయనవీ అవే కళ్ళు.

"ఇన్నొద్దులు యాడ వోయిండంట?" అని నన్నడిగి, పటేలు వైపు చూసింది. "పటేలు గూడ వచ్చిండా? మంచిదే. ఇననీ."

ఆమె చెప్పింది, నేను ఇంగ్లీషులో చెబుతూ పోయాను.

"మా అవ్వకు అవ్వ. పెండ్లయిన యేడాదికే మొగడు సచ్చిండు. ఆమె నీలి తొట్లల్ల దిగి ఆకు తొక్కుతుండె. మోకాళ్ల దాక నీలం, కడిగినా పోయేది గాదంట. గీ పటేలు తాతకు తాత ఒక దినం ఎంటబెట్టుకపోయి బంగ్లాల ఇడిసొచ్చిండు. పోనంటే ఇంటోళ్లను ఊళ్లె ఉండనియ్యనన్నడు. గందుకు దొర గాయినకు ఏటి పక్క మడి ఇప్పిచ్చిండు. గా మడి మీదనే గీళ్లు ఇయ్యాల్టిదాంక పటేండ్లు."

పటేలు కండువాతో మొహం తుడుచుకున్నాడు.

"ఇద్దరు బిడ్డలు పుట్టిండ్రు. దొరకు జరమొస్తే మేనాల ఏసి కర్నూలు దిక్కు మోసుకపోయిండ్రు. మళ్ల రాలె. తెల్లారే గీళ్లు బంగ్లాకు తాళమేసి, పిల్లలతోటి సహా ఆమెను బయటికి నూకిండ్రు. ఎంగిలి మనిషని మనోళ్లు గూడ ఇంట్లకు రానియ్యలె."

తెల్లాయన రాసుకోవడం ఆపాడు. "కర్నూలు వైపా? మరి సమాధి?" అని నన్నడిగాడు.

"అది సమాధి కాదు. బోరు మోటారు దిమ్మె. మొన్ననే సున్నం కొట్టారు. నాకు తెలుసు, అయినా మీకు చెప్పలేదు. తప్పు నాది," అన్నాను.

ఆయన చాలాసేపు తన అరచెయ్యి చూసుకున్నాడు. ఆ క్షణంలో ఆయన మీద నాకు జాలి కలగబోయింది. అంతలో ఆయనే దాన్ని పోగొట్టాడు. "ఆ ఫోటోలు చాలా బాగా వచ్చాయి. స్థానికుల నమ్మకం ప్రకారం అని రాసి వాడుకోవచ్చేమో కదా?" అన్నాడు.

మా అవ్వకు అవ్వ సంగతి గురించి మాత్రం "అవి ఆ కాలపు పద్ధతులు" అన్నాడు.

"ఏమంటుండే?" అంది పెద్దమ్మ.

"గా కాలంల గట్లనే ఉండెనంట."

"గీ కాలంల ఎట్లున్నదో అడుగు."

నేనడిగాను. ఆయన నీళ్ళసీసా మూత తీసి తాగాడు. ఈలోగా పటేలుకు నోరొచ్చింది. "పాత ముచ్చట్లు ఎందుకమ్మా ఇప్పుడు. ఒక తీరున జూస్తె మీకే గౌరవం. దొర రక్తం మీది."

"నీకు గావాల్నంటే తీస్కపో గా రక్తం. మాకు కూలి తప్పలె గా రక్తంతోని."

పటేలు కారులోకి వెళ్ళి తలుపేసుకున్నాడు.

తెల్లాయన కోటు జేబులోంచి ఒక చిన్న ప్లాస్టిక్ గొట్టం తీశాడు. ఇందులో ఉమ్మి పోసిస్తే పరీక్షకు పంపుతానని, రక్తసంబంధం ఉందో లేదో తేలిపోతుందని, కాగితం మీద రుజువు లేకుండా తాను ఎవరినీ వంశంలోకి తీసుకోలేనని చెప్పాడు. పెద్దమ్మకు అదంతా విప్పి చెప్పాను.

"ఉమ్మాల్నా?" అని ఆశ్చర్యపోయింది. గొంతు సవరించుకుని, పక్కకు తిరిగి, నేల మీద ఉమ్మింది. తుపుక్కున పడింది ఆయన బూటుకు జానెడు దూరంలో. "తీస్కొమ్మను," అని మళ్ళీ కాయలు తెంపడంలో పడింది.

ఇక్కడితో ఆపేస్తే నాకు గౌరవంగా ఉండేది. కానీ మర్నాడు పొద్దున ఆయన బయలుదేరేముందు నేనే లాడ్జికి వెళ్ళి, ఆ ముసలామె నా తల్లికి అక్క అని చెప్పి, గొంతు ఎండిపోయేదాకా ఆ గొట్టంలో ఉమ్మాను. ఆ అవ్వ పడ్డ బాధ ఎక్కడో ఒకచోట అచ్చులో ఉండాలనిపించింది. చదువుకున్నదాన్ని కదా, కాగితమంటే నాకు అంత భ్రమ. మా అవ్వకు అవ్వ పేరును ఇంగ్లీషు అక్షరాల్లో రాసి ఇచ్చాను. ఆ పేరు మా ఇంట్లో ప్రతి తరంలో ఒక పిల్లకు పెడతారు, అందుకే మరిచిపోలేదు.

మూడు నెలలకు ఆయన దగ్గర నుంచి మెయిల్ వచ్చింది. పరీక్షలో కలిసిందట. "మనం దూరపు చుట్టాలం, ఎంత ఉత్సాహంగా ఉందో!" అని రాశాడు. అయితే వాళ్ళ చెల్లెలికి, ఇంకొందరికి కొన్ని ఇబ్బందులున్నాయని, నలుగురినీ ఒప్పించి ఒక మధ్యేమార్గం కనిపెట్టానని రాసి, అచ్చుకు వెళ్ళబోయే వంశవృక్షం జతచేశాడు.

దొర పేరు, పక్కన వాళ్ళ దేశంలో ఆయన పెళ్ళాం పేరు, ఆమె తండ్రి ఉద్యోగం. కింద ఆయన స్వారీ చేసిన గుర్రం బొమ్మ, దాని పేరు. గుర్రానికి పేరుంది. ఆ పక్క నుంచి చుక్కల గీత ఒకటి దిగి, ఒక డబ్బా దగ్గర ఆగింది. డబ్బాలో "స్థానిక స్త్రీ". దాని కింద "ఇతర సంతతి". అంతే. ఆ అవ్వ పేరెందుకు లేదని అడిగాను. ఆ పేరుకు ఏ రికార్డులోనూ ఆధారం దొరకలేదు కాబట్టి వాడలేకపోయానన్నాడు. మరి గుర్రం? గుర్రం పేరు దొర ఉత్తరాల్లో ఉందట.

ప్రింటు తీసుకుని ఉప్పునుంతల వెళ్ళాను. పెద్దమ్మ అద్దాలు పెట్టుకుని, చదువు రాకపోయినా, కాగితమంతా వేలితో తడిమింది.

"మనామె యాడుంది?"

చుక్కలు చూపించాను.

"పేరు లేదా?"

"లేదు."

"ఉపాధి పని కాడ మట్టి మోస్తెనే పేరు రాసుకుంటరు గదనే. వీడు ఇద్దరు బిడ్డల్ని కన్నదానికి పేరు రాయకపాయె?" అంది. మెల్లగా, "ఎందుకు ఉమ్మినవే నువ్వు?" అని అడిగింది. తిట్టలేదు. తిడితే బాగుండేది. ఆమెకు ఎవరూ చెప్పలేదు, ఆ సంగతి నేనే చెప్పాను.

తిరిగొచ్చి ఆయనకు మూడే ముక్కలు రాశాను. ఆ చుక్కల గీత తీసేయండి. ఆ డబ్బా తీసేయండి. మీ దొరను మా వంశంలోకి మేము తీసుకోవడం లేదు.

అంతవరకూ నా ప్రతి మెయిల్‌కీ జవాబివ్వడానికి వారమో, పది రోజులో పట్టేది ఆయనకు. ఈసారి గంటలో వచ్చింది. నా నిర్ణయాన్ని పూర్తిగా గౌరవిస్తున్నానని, అచ్చువాళ్ళకు ఇప్పుడే చెప్పేశానని, నేను అర్థం చేసుకున్నందుకు కుటుంబమంతా చాలా ఊరట చెందిందని రాశాడు. కింద థాంక్స్ రెండుసార్లు ఉంది.