రజాక్ మొదటి సంపెంగ

మెట్‌పల్లిలో కూలర్లు బాగుచేసే రజాక్‌కు చేతులెంత చురుకో నోరంత వదులు. ఇంటిముందు సంపెంగ మొక్క నాటిన రోజే గల్లీ అంతా తిరిగి, వచ్చే ఏడాదికి పూస్తుందని చాటింపు వేశాడు. గింజతో మొలిచిన సంపెంగ ఏళ్లకేళ్లు పూయదని పాపం ఆయనకెవరూ చెప్పలేదు. చెప్పినా వినే రకం కాదనుకోండి.

మొక్కకు ఎరువు కావాలి, పక్కింటి శంకరవ్వకు బర్రెలున్నాయి. "పెద్దమ్మా, రెండు గంపల పెంటియ్యి, మొదటి పువ్వు నీ కొప్పులకే" అన్నాడు. వేసవిలో నీళ్లు కావాలి, మరమగ్గాల హనుమండ్లుకు బోరుంది. "అన్నా, జర పైపు గిటు మలుపు, మొదటి పువ్వు మా వదినెకే" అన్నాడు. మేకల కొమురెల్లి మంద ఆ సందులోంచే పోయేది. "తమ్మీ, మేకలను గటు తోలు, మొదటి పువ్వు మీ అవ్వకే" అనేశాడు. ఇచ్చేటప్పుడు మాటకు బరువేముంది!

చెట్టును మాత్రం ప్రాణంగా సాకాడు. పాత కూలర్ల గడ్డి మొదట్లో పరిచి తడిపేవాడు, ఎండ ముదిరితే గోనెపట్టా కట్టేవాడు. ఆయన పనిమీద పోతే బియ్యం కడిగిన నీళ్లు పోసి, పురుగులు ఏరేది భార్య మక్సూదా. చెట్టు మిద్దె దాటింది కానీ మొగ్గ జాడ లేదు. హనుమండ్లు కనబడ్డప్పుడల్లా "ఏం భాయ్, మీ వదినె కొప్పు ముడిసి కూసున్నది" అని ఏడిపించేవాడు.

ఎనిమిదో ఏడు వానలు పడ్డాక, ఓ పొద్దున తలుపు తీయగానే గుప్పుమని వాసన. పై కొమ్మన పచ్చటి సంపెంగ, ఒక్కటంటే ఒక్కటి! రజాక్ లుంగీ ఎగ్గట్టి "పూసింది! పూసింది!" అని అరుస్తూ గల్లీ పొడవునా ఉరికాడు. తన కొంప తానే ముంచుకుంటున్నానని సంబరంలో తోచనే లేదు.

ఆయన నిచ్చెనెక్కి పువ్వు కోసేసరికి కింద జాతర.

"పెంట నాది!"

"మరి నీళ్లెవ్వరియి?"

"నా మేకలు నోరు కట్టుకున్నయి గద!"

రజాక్ ఎవరికిచ్చినా మిగతా ఇద్దరి ముందు దొంగే. ఇక గల్లీలో మాట దక్కేదెలా? దిక్కుతోచక కిందికి చూశాడు. నిచ్చెనను రెండు చేతులా పట్టుకుని నిలబడి ఉంది మక్సూదా.

"జర పైలం. పువ్వు పోతె పోనీ, మీరు పడకుండ్రి."

ఆయన గుండె కలుక్కుమంది. చకచకా దిగి, అందరూ చూస్తుండగా ఆ పువ్వు ఆమె జడలో తురిమాడు. మక్సూదా సిగ్గుతో చచ్చిపోయింది.

"అయ్యో, నాకెందుకు? నాకు మాటియ్యలేగద?"

"ఇయ్యలే. అందరికి వట్టి మాటలిచ్చిన. నీకు పువ్వే ఇస్తున్న."

అందరికంటే ముందు శంకరవ్వే పకపకా నవ్వింది.

"పెట్టుకో బిడ్డా," అంది, "నాకు వాసనొస్తున్నది, సాలు."