పంపు చెడిన చలికాలం

తోర్విని ఎరగనివాళ్లు ఆ ఊళ్లో లేరు. ఎలా ఉంటారు? రాత్రంతా కురిసిన మంచును తెల్లారేసరికి తోసేసి, ఊరిని మళ్లీ ఊరిగా చేసేది అతని లారీయే మరి. గుమ్మం పట్టని భుజాలు. నోట్లో మాట లేదని కాదు, ఉంది, బయటికి రావడానికే దానికి బద్ధకం. పని ముగించి లారీ దిగగానే అతను వెళ్లేది ఇంటికి కాదు, ఈత కొలను పక్కనున్న వేడినీళ్ల తొట్టికి. భూమిలోంచి పొగలు కక్కుతూ వచ్చే నీళ్లలో మెడదాకా మునిగి, నెత్తిన మంచు రాలుతుంటే కళ్లు మూసుకు కూర్చోవడం! ఐస్‌లాండ్‌లో పుట్టినవాడికి ఇంతకు మించిన స్వర్గం ఇంకోటుందని చెప్పి చూడండి, నవ్విపోతాడు.

ఊరి సంగతులన్నీ తేలేది ఆ తొట్టిలోనే. ఎవరి పడవకు ఎంత చేప పడింది, మేయరు ఎందుకు పనికిరాడు, ఎవరి కూతురు ఎవరితో తిరుగుతోంది, అన్నీ. పెద్దపీట హుల్దాది. బళ్లో జీవశాస్త్రం చెప్పి, ఊళ్లో సగం మందికి కప్పను కోయడం నేర్పిన మనిషి. ఆమెకు ఎదురుగా గ్వెందుర్, పడవ అమ్మేసుకున్న ముసలి సరంగు. తోర్వి తండ్రికి ప్రాణస్నేహితుడు. తండ్రి పోయిన ఏడాది తోర్విని చెయ్యి పట్టుకు తీసుకొచ్చి ఆ తొట్టిలో కూర్చోబెట్టింది అతనే. ఆనాటి నుంచీ తోర్వి చోటు గ్వెందుర్ పక్కనే.

అలాంటివాడికి నర్సు చల్లగా చెప్పింది, "మూడు నెలలు ఆ తొట్టి జోలికి పోకు" అని.

తోర్వి, అతని భార్య దాగ్ని రెండేళ్లుగా బిడ్డ కోసం చూస్తున్నారు. దాగ్ని పరీక్షలు బాగానే వచ్చాయి. తోర్వివే కాస్త నీరసంగా వచ్చాయి. మందులూ సూదులూ తర్వాత, ముందు ఒంటిని దాని దారిన పోనివ్వండి అంది నర్సు. ముక్కుపొడి మానాలి, సారా తగ్గించాలి, ఆకుకూరలు తినాలి, కంటినిండా నిద్రపోవాలి, బిగుతు లోదుస్తులు వద్దు. అన్నిటికీ మించి నడుము కింద వేడి తగలకూడదు. మగవాడి బీజానికి వేడి పడదు, కొత్తది తయారవడానికి మూడు నెలలన్నా పడుతుంది. ఇంతా చెప్పి, ఫలితం ఖాయమని మాత్రం నేను మాటివ్వలేను అని కూడా అంది.

ముక్కుపొడికి తోర్వి ఒప్పుకున్నాడు. అత్తగారు అల్లిచ్చిన ఉన్ని లాగు మానడానికైతే ఎగిరి గంతేశాడు, తొడుక్కున్నవాడికే తెలుస్తుంది దాని దురద. తొట్టి దగ్గరే మొహం వేలాడిపోయింది.

"పోనీ, ఎందుకు రావడం లేదో వాళ్లకి చెప్పనా?" అని ఇంటికొచ్చాక అడిగాడు.

"తొట్టిలో చెప్పడం, చర్చి గంట కొట్టి చెప్పడం ఒకటే. రేపట్నించి ఊరంతా నా పొట్ట వంకే చూస్తుంది. నా వల్ల కాదు తోర్వీ." ఆ ఆఖరి ముక్క అంటూనే దాగ్ని నర్సు ఇచ్చిన కాగితం మడిచి సొరుగులో దాచేసింది. ఇక అతను ఆ ఊసెత్తలేదు.

అక్కడితో ఊరుకుంటే బాగుండేది. వేడి చెడ్డదైతే చలవ ఎంత మంచిదో అనుకున్నాడు మహానుభావుడు! కొలను మూల ఐసు పెంకులు తేలే చన్నీళ్ల తొట్టి ఒకటుంది. అందులో దిగి, పెదాలు నేరేడుపళ్లయ్యేదాకా కూర్చోవడం మొదలెట్టాడు. లారీలో సీటు వెచ్చబెట్టే మీట ఆపేసి, పైగా కిటికీ తెరిచి నడిపాడు. రెండోరోజు దాగ్ని అతని కాళ్లు తగిలి మంచం మీంచి ఎగిరిపడింది.

"వేడి మానమంది గానీ నిన్ను ఐసులో నిలవ పెట్టమందా ఆవిడ? పొద్దస్తమానం ఫ్యాక్టరీలో చేపల్ని ఐసులో సర్దేది చాలక, ఇంటికొస్తే నువ్వొక చేపవా నాకు?"

తొట్టిలోవాళ్లు కళ్లు మూసుకుని లేరు కదా. "ఏరా, ఏమైందిరా నీకు?" అని గ్వెందుర్ కేకేశాడు.

"నడుం నొప్పి."

"నడుం నొప్పికి వేడినీళ్లు కదరా!"

"నాది ఇంకో రకం."

అబద్ధమాడటం చేతకానివాడు ఆడకూడదు. వారం తిరక్కుండా ఊళ్లో కథలు పుట్టాయి. తోర్వి మేయరు పదవికి నిలబడుతున్నాడట, అందుకే పెద్దరికం చూపిస్తున్నాడట. కాదు, మొగుడూ పెళ్లాలకు పడటం లేదట. గ్వెందుర్ మాత్రం ఏ కథా నమ్మలేదు, తన తప్పే అనుకున్నాడు. ఆమధ్య అందరి ముందూ, "నీ లారీ నా గేటు ముందు మంచుగోడ కడుతోందిరా" అని వెక్కిరించాడు మరి. ఒక సాయంత్రం ఎండుచేపల కట్ట చంకన పెట్టుకుని తోర్వి ఇంటి మెట్ల మీద నిలబడ్డాడు.

"ఏదో నోరుజారాను. మనసులో పెట్టుకున్నావా? మీ నాన్న ఉంటే ఇద్దరికీ నాలుగు చీవాట్లు పెట్టి కలిపేవాడు."

"అయ్యో, నాకు కోపమేంటి గ్వెందుర్! ఒట్టు."

"మరైతే రేపొచ్చి కూర్చో."

"రాలేను."

ముసలాయన ఎండుచేపలు మెట్టు మీద పెట్టి వెళ్లిపోయాడు. నిజం తోర్వి నాలుక చివరిదాకా వచ్చి ఆగింది. తలుపు వెనక దాగ్ని ఉంది. అతను ఆ మెట్ల మీదే కూలబడి, చేపల కట్ట ఒళ్లో పెట్టుకుని ఏడ్చాడు.

ఆ వారంలోనే కొట్లో హుల్దా అతని వెనకాల నిలబడింది. అతని బుట్టలో పాలకూర, అక్రోట్లు, కాడ్ చేప నూనె సీసా.

"ముక్కుపొడి కొనవేం?"

"మానేశాను."

హుల్దా అతని కాళ్ల వంక చూసింది. గాలికి తెరచాపలా కొట్టుకుంటున్న వదులు పంట్లాం. "ఓహో" అంది. అంతే. చిన్నప్పుడు పరీక్షలో పక్కవాడి కాగితం చూస్తే అనే 'ఓహో' అది. తోర్వి చిల్లర కూడా తీసుకోకుండా వచ్చేశాడు.

సోమవారం పొద్దున అతను చన్నీళ్ల తొట్టి వైపు తలొంచుకు పోతుంటే హుల్దా పిలిచింది.

"తోర్వీ, ఇటు రా. ఇందులో వేడి లేదు. పంపు చెడిపోయింది."

నీళ్లలో వేలు పెట్టి చూశాడు. నిజమే, గోరువెచ్చన కూడా కాదు. అయినా పాతకాపులంతా మెడదాకా మునిగి కూర్చున్నారు. గ్వెందుర్ పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి. ఒకాయన ఉన్ని టోపీని చెవులమీదికి లాక్కున్నాడు. తోర్వి పాత చోట్లో కూర్చున్నాక పక్కకు చూశాడు. పిల్లల మడుగులోంచి ఆవిరి కమ్మగా లేస్తోంది. ఆ మడుగుకీ ఈ తొట్టికీ పంపు ఒకటే. కొలను చూసుకునే ఆస్దిస్ వైపు తిరిగితే, ఆవిడ చటుక్కున చీపురు అందుకుని, ఊడ్చిన చోటే మళ్లీ ఊడ్చింది.

అతనికి అర్థమైంది. "ఇలాంటి మేయరుంటే పంపులు బాగుంటాయా!" అని గ్వెందుర్ వణుకుతూనే తిట్లు లంకించుకున్నాడు. తోర్వి నీళ్లతో మొహం కడుక్కున్నాడు, అవసరం పడింది.

ఆ చలికాలం అలా గడిచింది. ఊరి ఆఫీసు నుంచి పంపు చూడ్డానికి ఒకతను పెట్టె పట్టుకొస్తే, "దాన్ని ముట్టుకున్నావంటే నిన్ను సముద్రంలో నానబెడతా" అని గ్వెందుర్ తరిమేశాడు. హుల్దాకు జలుబు చేసింది, తగ్గింది, మళ్లీ చేసింది. ఒక నెల దాగ్ని స్నానాలగదిలోంచి కళ్లు తుడుచుకుంటూ వచ్చింది. ఆ పొద్దు తోర్వి తొట్టిలో దిగి మోకాళ్లు కావలించుకు కూర్చున్నాడు. ఎవరూ అడగలేదు. గ్వెందుర్ దగ్గరికి జరిగి, భుజం ఆనించి, మేయరును మామూలుకన్నా గట్టిగా తిట్టాడు.

మంచు కరగడం మొదలయ్యాక ఒక ఉదయం తోర్వి తొట్టి ఒడ్డున నిలబడిపోయాడు. నీళ్లలోకి దిగడు, వెనక్కీ పోడు. చెవులు ఎర్రబడ్డాయి.

"ఆస్దిస్," అన్నాడు. "దాగ్ని చెప్పమంది. ఇక పంపు బాగుచేయించొచ్చట."

ఆ మాటకు లేచిన కేకలకు బట్టలు మార్చుకునే గది పైకప్పు మీది మంచు జారి కిందపడింది. ఒకాయన తన టోపీనే గాల్లోకి విసిరేశాడు. గ్వెందుర్ నీళ్లలో బుడుంగున మునిగి, ఎంతకీ పైకి రాలేదు. వచ్చేసరికి కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"తిప్పు ఆస్దిస్, తిప్పు! నా ఎముకలు నన్ను మర్చిపోయాయి!" అని అరిచాడు. ఆస్దిస్ మీట మీద చెయ్యి వేసింది.

"దాగ్ని కూడా వస్తానంటోంది," అన్నాడు తోర్వి. "ఇన్నాళ్లూ వణికినవాళ్ల పక్కన కూర్చోవాలని ఉందట."

"ఆగు!" హుల్దా చెయ్యెత్తింది. "కడుపుతో ఉన్నవాళ్లకి అంత వేడినీళ్లు మంచివి కావు."

అందరూ గ్వెందుర్ వైపు చూశారు. ముసలాయన పొగలు కక్కుతున్న పిల్లల మడుగును ఆశగా ఒకసారి చూసుకుని, మెడదాకా నీళ్లలోకి జారాడు.

"చెయ్యి తియ్ ఆస్దిస్," అన్నాడు. "పంపు సామాను ఎక్కడో దూరదేశం నుంచి రావాలి. శీతాకాలం దాకా రాదు."